అగస్త్యుడు అస్తమించని ఊరు

హోబార్ట్‌లో ముందుగా దారి తప్పింది నా నీడ.
మిట్టమధ్యాహ్నం అది దక్షిణం వైపు కాళ్ళు చాపింది,
మా మేనత్త ఇంట్లో ఎవర్నీ చాపనివ్వని వైపు.
"అటు యముడుంటాడే, ముడుచుకో" అనేది.
ఇక్కడ ఊరు ఊరంతా అటే కాళ్ళు చాపుకుని
చన్నీళ్ళలో మడమలు ముంచి కూర్చుంది.

ఎందుకొచ్చావంటే చెప్పడం కష్టం.
కాకినాడ రేవులో పదకొండేళ్ళు సరుకు లెక్కలు రాశాను.
బిల్లుల మీద నా చేత్తో రాసిన ఊళ్ళలో
అన్నిటికన్నా కిందున్న పేరు ఇది.
పటంలో దీని కింద నీలం, తర్వాత తెలుపు,
ఆ తర్వాత పటం అచ్చేసినవాడి చిరునామా.

రేవులో మంచు పగలగొట్టే ఎర్ర ఓడ.
ముక్కు నిండా గీతలు, గోడకి కుమ్ముకున్న ఎద్దులా.
ఉల్లిపాయల బస్తాలు ఎక్కిస్తున్నారు.
"ఎన్ని?" అన్నాను, చెయ్యి ఊరుకోక.
"చలికాలమంతటికీ" అన్నాడు టోపీ కుర్రాడు, "ఇదే ఆఖరి ఓడ."
అది సంఖ్య కాదు. అయినా రాసుకున్నాను.

ఊరి వెనక కొండ పొద్దున ఉంది.
టీ తాగి వచ్చేసరికి లేదు.
మనం పంచాంగం చూసినట్టు
ఇక్కడివాళ్ళు దాన్ని చూసి కోటు తొడుక్కుంటారు.

టపా పంచే బ్రాన్విన్ తన బండిలో నాకో చోటిచ్చింది.
ఇళ్ళ మధ్య అడవి కాదు ఆ దారి,
అడవికీ అడవికీ మధ్య ఎప్పుడో ఒక ఇల్లు.
ఉత్తరాల డబ్బాలుగా పాత పాల క్యాను,
తలుపూడిన మైక్రోవేవ్, ఒకచోట గమ్‌బూటు.
పొద్దు వాలగానే మా బండి ఎద్దుబండి అయిపోయింది.
"ఈ వేళప్పుడు రోడ్డు వాటిది" అంది.

మలుపులో బియ్యం బస్తాలా ఏదో.
ఆమె టార్చి పట్టుకుని దిగింది, వెనకే నేనూ.
వాంబాట్. ఇంకా వెచ్చగానే ఉంది.
దాని సంచి నోరు వెనక్కి ఉంటుందట,
తల్లి తవ్వే మన్ను బిడ్డ కళ్ళలో పడకుండా.
నాకు తెలిసిన ఏ దర్జీకీ ఇంత ఆలోచన లేదు.

లోపల ఉంది.
బఠాణీ గింజంత నోటితో
చనిపోయిన చన్నుని వదలకుండా.
"లాగితే నోరు చీరుతుంది"
అని బ్రాన్విన్ చన్నునే కత్తిరించింది.
మింగేయకుండా పిన్నీసుతో దాన్ని ఉన్ని టోపీకి గుచ్చింది.
తల్లి వీపు మీద గులాబీ రంగు గీత గీసింది:
చూశాం, ఇక ఇందులో ఎవరూ లేరు.
లెక్క తేలిన సరుకు మీద
సుద్దతో నేను గీసేదీ అలాంటి గీతే.

"చొక్కా లోపల పెట్టుకో, ఒంటికి ఆనించి.
హీటరు కన్నా మనిషి నయం."

అలా నలభై కిలోమీటర్లు.
బొచ్చు లేని, కళ్ళు తెరవని ఒక బరువు
నా బొడ్డు పైన ఆగి ఆగి కొట్టుకుంటూ.
ఎంతుంటుందో తూచబుద్ధి కాలేదు,
పదకొండేళ్ళలో మొదటిసారి.

ఒక గేటు దగ్గర ఆమె ఉత్తరం వేయడానికి దిగింది.
అద్దంలోంచి పైకి చూశాను.
దాదాపు నడినెత్తిన అగస్త్య నక్షత్రం.
మా ఊళ్ళో దక్షిణపు చెట్ల మీంచి కాసేపు తొంగి చూసి
మొహమాటంగా దిగిపోతుంది.
ఇక్కడ అసలు అస్తమించదట.
"నేను వచ్చేదాకా వంగే ఉండు" అని వింధ్యకి చెప్పి
తిరిగి వెళ్ళని ముని కదా,
ఎక్కడ ఆగిపోయాడో తెలిసింది.
ఎందుకాగాడో కూడా, కొంచెం.

బ్రాన్విన్ వచ్చి కూర్చుంది. తాళం తిప్పలేదు.
"ఉందా?" అంది.
టోపీలో వేలు పెట్టి చూశాను.
"ఉంది."
బండి కదిలింది, ఇంకా దక్షిణానికే.